రేపల్లె మామ్మగారి వన్స్ మోర్ బటన్

ఆ రోజుల్లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటే ఇంట్లో పెత్తనం వాళ్ళది. (ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళకుంది కాబట్టి పెత్తనమూ లేదు, పోట్లాటా లేదు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునే అవసరమూ లేదు.) కొన్న రోజే దానికి పాలిథిన్ కవరు తొడిగి, రెండు చివర్లా రబ్బరు బాండ్లు వేసి, ముసలాయన మందుల సంచీని చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకునేవాళ్ళం. బాపట్లలో మా ఇంట్లో అయితే మొదటి టీవీ పాడైపోయి, దాన్ని పాత సామాన్ల వాడు తీసుకుపోయే రోజుకి కూడా రిమోట్ కవరు విప్పలేదు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన నేను, ఆరు రిమోట్ల పని ఒక్కటే చేసే రిమోట్‌ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఊపిరి బిగబట్టానంటే నవ్వుతారు. నవ్వండి, ఫర్వాలేదు. తలుచుకుంటే నాకూ నవ్వే వస్తుంది. కానీ ఆ ఆశ్చర్యం మాత్రం అబద్ధం కాదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఎలక్ట్రానిక్స్ డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసై, రోజూ పొద్దున్నే బాపట్లలో ప్యాసింజరెక్కి తెనాలిలో ఒక హోమ్ థియేటర్ల షాపులో పనికి వెళ్ళేదాన్ని. షాపు యజమానిని ఊరంతా బాబాయి అనేది, నేనూ బాబాయనే అనేదాన్ని. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆయన నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగాడు. "ప్రోగ్రామింగ్ రిమోట్లు తెలుసా అమ్మడూ?" నేను అప్పటిదాకా అలాంటిది ఒకటుంటుందని కూడా వినలేదు. "తెలుసండి" అన్నాను. ఆ వయసులో నాకు తెలియని విషయం అంటూ లోకంలో ఉండేది కాదు. ఏదడిగినా "తెలుసండి" అనీ, మరీ చిక్కుగా ఉంటే "చూస్తానండి" అనీ అనేదాన్ని, అంతే తేడా. మూడు నెలలపాటు ఎవరూ ఆ రిమోట్ అడక్కపోవడంతో నా పరువు నిలబడింది. నాలుగో నెలలో రేపల్లె నుంచి ఐసాయన వచ్చాడు.

ఐసాయన అని పేరు పెట్టింది నేనే. ఆయనకి ఐస్ ఫ్యాక్టరీ ఉంది. నిజాంపట్నం బోట్లకి ఐసు పంపేవాడు. మనిషి మాత్రం ఎప్పుడూ కాగుతూ ఉండేవాడు. రేపల్లెలో ఇంటి మేడ మీద పెద్ద గది కట్టించి, ప్రొజెక్టరు, గది దీపాలతో కలిపి ఒకే రిమోట్‌కి పనిచేసే, కిందికి దిగే తెర, ఆంప్లిఫయరు, ఆరు స్పీకర్లు, డిస్క్ ప్లేయరు, ఏసీ, డిష్ పెట్టె అన్నీ మా షాపులోనే కొన్నాడు. బిగించిన వారానికి మళ్ళీ వచ్చి బల్ల మీద చెయ్యేసి నిలబడ్డాడు. "సినిమా చూడాలంటే ఆరు రిమోట్లు పట్టుకోవాలండి. అందులో ఒకటి మా పెద్దోడి దగ్గర, ఒకటి చిన్నోడి దగ్గర, ఏసీది మా ఆవిడ దగ్గర. అందరూ ఇంట్లో ఉంటే గాని నేను సినిమా చూడలేను. ఏంటండి ఇది?" అన్నాడు. బాబాయి నవ్వి, అద్దాల బీరువాలోంచి ఒక నల్ల డబ్బా తీసి నా ముందు పెట్టాడు. "మా అమ్మాయి వచ్చి అన్నీ ఒక్కదాంట్లో పెట్టేస్తుందండి. దానికి తెలుసు" అన్నాడు.

డబ్బా తెరిస్తే లోపల నల్లగా, నున్నగా, నడుము దగ్గర కొంచెం సన్నగా, పైన చిన్న తెరతో పడుకుని ఉంది. చేతిలోకి తీసుకోగానే దానంతటదే వెలిగింది. నేను ఉలిక్కిపడి కింద పెట్టేశాను. (చేతిలోకి తీసుకుంటే కదలికని పసిగట్టి వెలుగుతుందని పుస్తకంలో ఉంది. నేను పుస్తకం చదివింది ఆ తరువాత.) దానితో వచ్చిన పుస్తకాన్ని మూడు రోజులు రైల్లో చదువుకున్నాను. నిడుబ్రోలు దగ్గర ఒకావిడ "పరీక్షలా అమ్మా?" అని అడిగితే "అవునండి" అన్నాను. అది అబద్ధం కాదు.

పుస్తకంలో నన్ను ఆశ్చర్యంలో ముంచేసిన విషయం ఒకటుంది. పాత రిమోట్‌నీ కొత్త రిమోట్‌నీ ముక్కుకి ముక్కు ఆనేలా ఎదురెదురుగా పెట్టి, పాతదాని మీద ఒక బటన్ నొక్కితే, కొత్తది దాన్ని నేర్చుకుంటుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, వైరు తగిలించక్కర్లేదు. అలా ఆరింటి విద్యా నేర్చుకున్నాక, ఏ పని తరువాత ఏ పని చెయ్యాలో మనం వరస రాసిస్తే, ఒక్క బటన్ నొక్కగానే అన్నీ ఆ వరసలో చేసేస్తుంది. తెర దిగుతుంది, ప్రొజెక్టరు వెలుగుతుంది, ఆంప్లిఫయరు లేస్తుంది, దీపాలు ఆరతాయి. చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. తెనాలి స్టేషన్ దాటిపోబోయి చివరి క్షణంలో దిగాను.

గురువారం రేపల్లె వెళ్ళాను. మేడ మీద గదిలో చాప వేసి, పేపరు పరిచి, ఆరు రిమోట్లనీ కవర్లు విప్పించి వరసగా పేర్చుకున్నాను. (కవర్లు విప్పించడానికే అరగంట పట్టింది. ఐసాయన భార్య ప్రతి కవరూ మడతపెట్టి దాచింది.) పాతదాన్నీ కొత్తదాన్నీ ఎదురెదురుగా పెట్టి మొదటి బటన్ నొక్కాను. కొత్తదాని తెర మీద 'నేర్చుకున్నాను' అన్నట్టు టిక్కు వచ్చింది. నేను చప్పట్లు కొట్టేశాను. అప్పుడు వెనక నుంచి ఎవరో "ఏం జరిగిందమ్మాయ్?" అని అడిగారు.

గుమ్మం పక్కన ఈత బుట్టలాంటి కుర్చీలో ఐసాయన తల్లి కూర్చుని ఉంది. ఆవిడ అక్కడున్న సంగతే నేను గమనించలేదు. ఎనభై ఏళ్ళుంటాయి. రెండు కళ్ళకీ ఆపరేషన్ చేయించినా చూపు సరిగ్గా రాలేదు, మనుషుల్ని నీడల్లాగే పోల్చుకుంటుంది. నేను మామ్మగారూ అని పిలిచి, పాత రిమోట్ చెబుతుంటే కొత్త రిమోట్ నేర్చుకుంటోందని చెప్పాను. "ఓహో. గురువుగారు పద్యం చెబితే శిష్యుడు పట్టినట్టన్నమాట" అంది. నేను మూడు రోజులు రైల్లో చదివి అర్థం చేసుకున్న దాన్ని ఆవిడ చూడకుండానే పట్టేసింది. ఆ తరువాత ఒక్కో బటనూ నేర్పుతున్నంతసేపూ "పట్టిందా?" అని అడిగేది, "పట్టిందండి" అనేదాన్ని. నలభై మూడు బటన్లు అలా గడిచాయి.

మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళు కిందికి వెళ్ళాక ఆవిడ గొంతు తగ్గించింది. "అమ్మాయ్, అందులో నాకో బటన్ పెడతావా?" అంది. సంగతేంటంటే, ఆవిడ దగ్గర పాత పద్య నాటకాల రికార్డింగులున్నాయి. తెనాలి, రేపల్లె చుట్టుపక్కల పందిళ్ళలో ఆడినవి, ఎప్పుడో క్యాసెట్ల మీదికి ఎక్కినవి, మనవడొకడు వాటిని పెన్ డ్రైవ్‌లో వేసిచ్చాడు. వినాలంటే ఎవరో ఒకరు పెట్టాలి. "పిల్లల్నడిగితే మ్యాచ్ అయ్యాక అంటారు. కోడలినడిగితే సీరియల్ అయ్యాక అత్తయ్యా అంటుంది. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదమ్మా. అయ్యాక అయ్యాక అంటూ నాకు నిద్దరొచ్చేస్తుంది. అడగడం మానేశాను. ఒకళ్ళని అడక్కుండా వినాలని ఉందమ్మా, అంతే" అంది.

"పెడతానండి మామ్మగారూ, మీ బటన్ అన్నిటికంటే పైన పెడతాను" అన్నాను. ఆవిడ వెంటనే ఇంకోటి అడిగింది. "మరి వన్స్ మోర్ సంగతేంటి?"

పద్య నాటకం తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మా వైపు నాటకంలో పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని కేకలు పెడతారు. నటుడు నమస్కారం పెట్టి మళ్ళీ మొదటి నుంచి పాడాలి. మామ్మగారు చూసిన నాటకాల్లో యుద్ధంలో పడిపోయిన రాజు కూడా వన్స్ మోర్ వినబడితే లేచి, కిరీటం సర్దుకుని, పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చచ్చిపోయేవాడట. "వన్స్ మోర్ లేకపోతే అది నాటకమేంటమ్మా, వార్తలు విన్నట్టుంటుంది" అంది. నేను అలవాటు ప్రకారం "చూస్తానండి" అన్నాను.

చూశాను కూడా. ప్లేయరుకి వెనక్కి వెళ్ళే బటన్ ఉంది. పద్యం అయిపోయి తరువాతది మొదలయ్యాక దాన్ని రెండుసార్లు, మధ్యలో ఒక క్షణం ఆగి నొక్కితే, అయిపోయిన పద్యం మొదటికి వెళుతుంది. ఆ రెండు నొక్కుల్నీ ఒక బటన్ కింద కట్టేశాను. చిక్కల్లా ఒక్కటే, పద్యం మధ్యలో నొక్కితే అది ముందు పద్యానికి పోతుంది. ఆ లోపం చెప్పడానికి నాకు సిగ్గేసింది. మామ్మగారు మాత్రం "మధ్యలో ఎవరంటారమ్మా వన్స్ మోర్? పద్యం పూర్తయ్యాకే అనాలి. అది మర్యాద" అంది. అమెరికాలోనో జపాన్‌లోనో కూర్చుని ఆ ప్లేయరు చేసినవాళ్ళకి మా రేపల్లె పందిట్లో మర్యాద ఎలా తెలిసిందో అని నేను చాలాసేపు ఆశ్చర్యపోయాను. నా సంచీలోంచి గోళ్ళరంగు తీసి, మామ్మగారి బటన్ మీద ఒక చుక్క, వన్స్ మోర్ మీద రెండు చుక్కలు పెట్టాను. ఆరాక అవి వేలికి తగిలేవి. ఆవిడ బొటనవేలితో వాటిని పదిసార్లు తడిమి చూసుకుంది.

శనివారం సాయంత్రానికి అంతా సిద్ధమైంది. ఒకే ఒక ఇబ్బంది, బటన్ నొక్కాక రిమోట్‌ని పదిహేను సెకన్లు కదలకుండా యంత్రాల వైపు పట్టుకోవాలి, లేకపోతే సగం యంత్రాలకే మాట అందుతుంది. ఐసాయన ప్రతిసారీ బటన్ నొక్కేసి, సెల్యూట్ కొట్టిన పోలీసులా టక్కున చెయ్యి దించేసేవాడు. తెర దిగేది, దీపాలు ఆరేవి, చీకట్లో అందరం కూర్చుని ఉండేవాళ్ళం. మామ్మగారు మాత్రం హారతి పట్టినంత నిలకడగా పట్టుకునేది. ఆవిడ నొక్కితే తెర కిందికి జారి, ప్రొజెక్టరు కళ్ళు తెరిచి, ఆంప్లిఫయరు 'టక్' మని లేచి, గదంతా రాగం నిండిపోయింది. దాన్ని ప్రోగ్రాం చేసిందాన్ని నేనే అయినా నోరు తెరుచుకుని చూశాను.

మర్నాడు ఆదివారం సాయంత్రం నాలుగింటికి చుట్టాలందర్నీ పిలిచి గదికి ప్రారంభోత్సవం అనుకున్నారు. నేను వెళ్ళబోతుంటే ఐసాయన భార్య గంధం గిన్నె, కుంకుమ భరిణె తెచ్చి నా చేతికిచ్చింది. "నువ్వు చేసిన యంత్రాలు కదమ్మా, నీ చేత్తోనే బొట్లు పెట్టు. రేపు హడావుడిలో మర్చిపోతాం" అంది. నాకు మహా గర్వంగా అనిపించింది. ప్లేయరుకి నెత్తిన, స్పీకర్లకి బుగ్గన, చిక్కటి గంధం మీద కుంకుమ అద్ది పెట్టుకుంటూ వెళ్ళాను. ప్రొజెక్టరు ఎత్తులో ఉందని దానికి ఐసాయనే స్టూలెక్కి పెట్టాడు. ఆఖరి బస్సు దాకా ఆగకుండా ముందు బస్సుకే బాపట్ల చేరుకుని, మా అమ్మకి రెండుసార్లు చెప్పిన విషయమే మళ్ళీ చెప్పి, హాయిగా నిద్రపోయాను.

ఆదివారం కదా అని మధ్యాహ్నం పన్నెండింటికి తీరిగ్గా తలంటుకుంటుంటే బాబాయి ఫోను. "అమ్మడూ, ఐసాయన మండిపోతున్నాడు. బొమ్మ వస్తోందంట, శబ్దం రావట్లేదంట. నీ రిమోట్ వచ్చాక వాళ్ళ పాత రిమోట్ కూడా ఆంప్లిఫయరు మీద పనిచెయ్యడం మానేసిందంట. నాలుగింటిలోగా తేలకపోతే కొత్త రిమోట్ తిరిగి పట్టుకుపొమ్మంటున్నాడు. వెళ్ళు" అన్నాడు. తడి జుట్టు ముడేసుకుని రేపల్లె బస్సెక్కాను. చెరుకుపల్లి దాటేదాకా నాకు మామ్మగారి బొటనవేలే గుర్తొస్తూ ఉంది. రిమోట్ వెనక్కి వెళితే ఆరు రిమోట్లూ మళ్ళీ ఆరు చేతుల్లోకి వెళ్ళిపోతాయి. ఆవిడ మళ్ళీ అడగాలి, లేదా అడగడం మానెయ్యాలి.

నేను మేడెక్కేసరికి ఐసాయన ఆంప్లిఫయరు ఎదురుగా నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉన్నాడు. "చేత్తో తిప్పితే పాడుతోందమ్మాయ్. రిమోట్‌తో అయితే ఉలుకూ లేదు పలుకూ లేదు. పాతదానికీ అంతే. రెండు రోజులు రెండింటినీ ముక్కుకి ముక్కు ఆనించావు కదా? దాని శక్తంతా ఇది లాగేసుకుంది. ఇంక రెంటికీ చెడిపోయాం. దీన్ని ఇంట్లోంచి పంపిస్తే గాని మిగతా ఐదూ దక్కవు" అన్నాడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను ఆయన్ని చూసి నవ్వలేదు. ఎలక్ట్రానిక్స్ డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైన నేను, ఆ మాట విని ఒక్క నిమిషం నమ్మాను. ఆ రిమోట్ మీద నాకున్న భయభక్తులు అలాంటివి. నేర్చుకున్నదంతా చెరిపేస్తే పాతదాని శక్తి పాతదానికి తిరిగి వస్తుందేమో అని కూడా అనిపించింది. అనిపించి ఊరుకుంటే బాగుండేది. చెరిపేశాను. నలభై మూడు బటన్లూ, పదిహేను సెకన్ల వరసా, మామ్మగారి బటనూ, వన్స్ మోరూ అన్నీ ఒక్క నొక్కుతో పోయాయి. పాత రిమోట్ తీసి ఆంప్లిఫయరు వైపు నొక్కాను. ఏమీ కాలేదు. అప్పటికి మూడు దాటింది. కింద వంటింట్లోంచి పకోడీల వాసన వస్తోంది. నాకు ఏడుపొచ్చేసింది.

మామ్మగారు తన కుర్చీలోనే ఉంది. కొత్త చీర కట్టుకుంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని నాలుగింటి కోసం కూర్చుంది. "ఏమైందమ్మాయ్?" అంటే అంతా చెప్పాను, చెరిపేసిన సంగతి కూడా. ఆవిడ కోప్పడలేదు. "ముందు కళ్ళు తుడుచుకో. ఇవి మాట్లాడుతున్నాయో లేదో తెలిసే దారి ఏమైనా ఉందా?" అంది. అప్పుడు గుర్తొచ్చింది బాబాయి చూపించిన చిట్కా. రిమోట్ మూతికి ఉన్న చిన్న దీపం మన కంటికి కనబడదు గాని ఫోను కెమెరాలోంచి చూస్తే కనిపిస్తుంది. ఫోను తీసి పాత రిమోట్‌ని దానికేసి పట్టుకుని నొక్కాను. వంగపండు రంగులో మిణుక్కుమంది. కొత్తదానికి ఒక్క బటన్ మళ్ళీ నేర్పి నొక్కితే అదీ అంతే. "రెండూ మాట్లాడుతున్నాయండి!" అని అరిచాను.

"మరి వినేదాని చెవి చూశావా? నాకు మాట వినబడకపోతే మా కోడలు ముందు నా చెవిలో దూది తీస్తుంది" అంది మామ్మగారు.

ఆంప్లిఫయరు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. దాని నల్లటి ముఖం మీద, కుడి పక్కన, వేలికొనంత గుండ్రటి చిన్న అద్దం ఉంటుంది. రిమోట్ మాట అది వినేది అక్కడి నుంచే. ఆ చెవి మీద చక్కగా, గుండ్రంగా, అంచు కూడా చెదరకుండా, బాగా ఎండి గట్టిపడిన గంధం, దాని మీద కుంకుమ. శనివారం నాకు ఆ చోటు చూడగానే బొట్టు కోసమే చేసినట్టు అనిపించింది మరి. "ఎవరు పెట్టారమ్మా అక్కడ?" అని ఐసాయన తిరిగి చూశాడు. "అమ్మాయే పెట్టింది కదండీ, ఎంత బాగా పెట్టిందో అని నేను మెచ్చుకున్నాను కూడా" అంది ఆయన భార్య. నేను నేల చూశాను.

గోరుతో గీకబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "అయ్యో, శుభమా అని పెట్టిన బొట్టు ఇవాళే చెరుపుతావా అమ్మా? రేపు చెరుపుదూగాని." రేపంటే చుట్టాలుండరు, రిమోటూ ఉండదు. ఐసాయన గోడ గడియారం వైపు చూశాడు. ఆంప్లిఫయరు బొట్టు గురించి ఆయనకీ భార్యకీ మధ్య మాటలు మొదలయ్యాయి. కింద గేటు చప్పుడైంది. మామ్మగారు కర్ర నేల మీద తాటించింది.

"మాటలాపండి. నాటకంలో వేషం చెదిరితే ఏం చేస్తారు? ఇంకో చోట దిద్ది, చెదిరింది తుడుస్తారు. ముందు పక్కన కొత్త బొట్టు పెట్టు, అప్పుడు ఆ పాతది తియ్యి. దాని మొహం ఒక్క క్షణం కూడా బోసిగా ఉండదు" అంది. కోడలు వెళ్ళి భరిణె తెచ్చింది. ఆంప్లిఫయరుకి ఎడమ బుగ్గన కొత్త బొట్టు పెట్టి, తడిగుడ్డతో కుడి చెవి తుడిచాను. పాత రిమోట్ నొక్కాను. 'టక్' మని లేచింది. ఇంట్లో అందరం ఒక్కసారి "ఆఁ" అన్నాం.

తరువాతి అరగంట పనిచేసినంత వేగంగా నా జీవితంలో ఎప్పుడూ పనిచెయ్యలేదు. పిల్లలిద్దరూ ఆరు రిమోట్లూ వరసగా అందించారు, కోడలు బటన్ల పేర్లు చదివింది, మామ్మగారు "పట్టిందా, పట్టిందా" అంటూ నన్ను పరుగెత్తించింది. కింద చెప్పులు విడుస్తున్న చప్పుళ్ళు వినబడుతూనే ఉన్నాయి. ఏసీ నేర్పడం కుదర్లేదు, వదిలేశాను. (ఆ గదిలో ఏసీ ఆ తరువాత కూడా చాలాకాలం కోడలి చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ అందుకు బాధపడలేదు.) నాలుగు దాటి పది నిమిషాలకి మామ్మగారి చేతిలో రిమోట్ పెట్టాను. చుట్టాలంతా చాపల మీద కూర్చున్నారు. ఆవిడ బొటనవేలు చుక్కని వెతికి పట్టుకుంది. నొక్కి, చెయ్యి చాచి, కదలకుండా పట్టుకుంది.

దీపాలు ఆరాయి. తెర దిగింది. చీకట్లో ఎవరో చిన్నపిల్ల "అమ్మో" అంది. ఆంప్లిఫయరు లేచింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తరువాత ఆరు స్పీకర్లలోంచీ ఒక మనిషి రాగం ఎత్తుకున్నాడు. ఎక్కడో ఏ పందిట్లోనో, ఎన్నేళ్ళ కిందటో పాడిన గొంతు, వెనకాల జనం దగ్గులతో సహా వచ్చి గది మధ్యలో నిలబడింది. సినిమా చూద్దామని వచ్చినవాళ్ళు ఒక్కళ్ళూ కదల్లేదు. పద్యం అయిపోగానే ఓ ముసలాయన ఉండబట్టలేక "వన్స్ మోర్!" అని కేకేశాడు. మామ్మగారు రెండు చుక్కల బటన్ నొక్కింది. ఆ గొంతు నిజంగానే, ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగినట్టు, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ముసలాయన నిర్ఘాంతపోయాడు. ఆయన కేకే విందనుకున్నాడు. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అంతకు ముందు గంటే ఆ రిమోట్ తనంతట తాను ఏమీ చెయ్యదని కళ్ళారా తెలుసుకున్నదాన్ని, అయినా సరే.

అలా నాలుగు పద్యాలు, ఆరు వన్స్ మోర్లు అయ్యాక ఐసాయన మెల్లిగా వచ్చి తల్లి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, చుట్టాలు సినిమా అంటున్నారు. ఒకసారి రిమోట్ ఇస్తావా?" అన్నాడు. ఎప్పుడూ కాగుతూ ఉండే మనిషి అంత మెత్తగా అడగడం నేను చూడలేదు. మామ్మగారు రిమోట్‌ని ఒళ్ళోకి లాక్కుంది. "అడిగావు కాబట్టి ఇస్తాలే. ఇంకొక్కటి విని" అంది. గదంతా నవ్వింది, ఐసాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. ఇంకొక్కటి అంటూ ఇంకో మూడు విన్నది.

నేను సెలవు తీసుకుందామని వెళితే ఆవిడ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "అమ్మాయ్, నీకు అన్నీ తెలుసు కదా. ఆ పాడే ఆయన్ని ఆపేసి, వెనకాల హార్మోనియం ఒక్కటే వినబడే బటన్ పెట్టగలవా?" అని అడిగింది. ఎందుకండీ అన్నాను. "అది మా ఆయన వాయించింది" అంది.

"చూస్తానండి" అన్న మాట నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆవిడ ముందు ఆ మాట అనలేకపోయాను. "కుదరదండి మామ్మగారూ. నాకు తెలియదు" అన్నాను. ఉద్యోగంలో చేరాక నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆవిడ నా చేతిని తట్టింది. "పోన్లే తల్లీ. పాడే ఆయన ఎంత గట్టిగా అరిచినా నాకు హార్మోనియమే ముందు వినబడుతుందిలే" అంది.

తరువాత నేను తెనాలి వదిలాను, వేరే ఊళ్ళలో వేరే ఇళ్ళలో చాలా గదులు బిగించాను. ఇప్పుడు గాల్లోకి "పాట పెట్టు" అంటే పెడుతుంది, "ఆపు" అంటే ఆపుతుంది, ఎవరూ తల తిప్పి కూడా చూడరు. మొన్నామధ్య పాటలోంచి గొంతునీ వాయిద్యాన్నీ విడదీసే పరికరం ఫోన్లోకే వచ్చిందని విని, పాత నాటకం పద్యం ఒకటి వెతికి అందులో వేశాను. రెండు నిమిషాలు పట్టింది. పాడేవాడు మాయమైపోయాడు. హార్మోనియం ఒక్కటే, అక్కడక్కడా తడబడుతూ, గొంతు కోసం ఆగుతూ, వెంటబడుతూ వినిపించింది. మామ్మగారి ఆయనదేమీ కాదది, ఎవరిదో. అయినా నోరు తెరుచుకుని కూర్చుండిపోయాను. ఇరవై రెండేళ్ళ ఆ తడి జుట్టు పిల్ల అయితే ఫోను పట్టుకుని అప్పటికప్పుడే రేపల్లె బస్సెక్కేసేది. దాని తొందర తలుచుకుని నవ్వొచ్చింది, కొంచెం అసూయ కూడా వేసింది. రేపల్లె బస్సు ఇప్పటికీ ఉంది. ఎక్కి ఎవరికి వినిపించాలో తెలియక, నేనే ఇంకాసేపు వింటూ కూర్చున్నాను.